ముందు నీళ్ళు ఎక్కడికి పోతాయో చెప్పండి: సైట్ కాలువల మీద ఫోన్-ఇన్

(ఆదివారం సాయంత్రం కార్యక్రమంలో సాగిన మాటలివి. "హలో హలో"లు, లైన్ తెగిన చోట్లు తీసేశాం. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. మృగశిర దాటింది, వానలు మొదలయ్యాయి, సైట్లన్నీ బురద బురద. వాన నీళ్ళు బయటికి పంపడానికి వేసే ప్రీకాస్ట్ కాంక్రీటు కాలువల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. యూ ఆకారంలో ఉండే రెడీమేడ్ పీసులు, అవే. ముప్పై ఏళ్ళుగా సైట్లలోనే తిరుగుతున్న సివిల్ ఇంజనీర్ గారు మన దగ్గరున్నారు. మొదటి కాల్ తీసుకుందామా సార్?

ఇంజనీర్: తీసుకోండి. సైట్ల మీద వానాకాలం టెన్షన్ నాకు కొత్త కాదు.

కాలర్ (నిజాంపేట, హైదరాబాద్): నమస్తే మేడం, నమస్తే సార్. నేను అపార్ట్‌మెంట్ సైట్‌లో సూపర్‌వైజర్‌ని. సెల్లార్ గుంత తవ్వినం. పోయిన వారం గంట సేపు వాన పడితే పైనున్న నీళ్ళన్నీ గుంతలకే వచ్చినయ్, రెండు రోజులు మోటార్లు పెట్టి తోడినం. ఇప్పుడు కాంపౌండ్ వెంట ప్రీకాస్ట్ మోరీ వేయమంటున్నరు. పీసులమ్మే యార్డులో 300 మిల్లీమీటర్ల సైజు ఉంది, 450 సైజు ఉంది. ఏది తీసుకోమంటరు?

ఇంజనీర్: సైజు సంగతి తర్వాత తమ్ముడూ. ఆ నీళ్ళు తీసుకెళ్ళి ఎక్కడ కలుపుతారు?

కాలర్: బయట రోడ్డు పక్కన నాలా ఉంది సార్.

ఇంజనీర్: దాని అడుగు ఎంత లోతులో ఉంది?

కాలర్: అదీ... రెండు ఫీట్లు ఉంటది సార్, అందాజగ.

ఇంజనీర్: అందాజగా! సరే, ప్రస్తుతానికి 60 సెంటీమీటర్లు అనుకుందాం. టేపు పెట్టి కొలిచి మళ్ళీ చెప్పు. సైట్ ఎంత, కాలువ ఎంత పొడవు?

కాలర్: ఎకరం సార్. మోరీ 80 మీటర్లు వస్తది. రోడ్డు, సైటు ఒకటే లెవెల్.

ఇంజనీర్: అయితే చేతి లెక్కే చేద్దాం, వినేవాళ్ళు కూడా కాగితం తీసుకోండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు, ఇది గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున వాన దంచిందనుకో, గంటలో 2,43,000 లీటర్లు, అంటే సెకనుకు 67 లీటర్లు. మట్టి కొంత పీలుస్తుందంటారు గానీ టిప్పర్లు తొక్కి తొక్కి రాయిలా చేసిన మట్టి ఏం పీలుస్తుంది, రేపు ఎలాగూ అక్కడ కాంక్రీటే వస్తుంది, నేనైతే మొత్తం పారుతుందనే వేసుకుంటాను.

వ్యాఖ్యాత: 2020లో హైదరాబాద్‌లో పడ్డట్టు పడితే సార్?

ఇంజనీర్: ఆ ఏడు అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు దాటింది. నాలాలే ఒప్పుకోని వానకు సైట్ కాలువ ఏం చేస్తుందండీ. ఇంకో మాట, కాలువ సైజుకు రోజంతా ఎంత పడిందన్నది పనికిరాదు, గట్టిగా పడ్డ ఆ గంటలో ఎంత పడిందన్నదే కావాలి. సరే తమ్ముడూ, 300 వెడల్పు, 300 లోతు కాలువ, వాలు 200కి 1, అంటే మీటరుకు 5 మిల్లీమీటర్లు. ముప్పావు వంతు నిండి పారితే సెకనుకు 70 లీటర్ల పైనే మోస్తుంది. నీకు కావాల్సింది 67.

కాలర్: అయితే 300 సరిపోతది కద సార్.

ఇంజనీర్: అక్కడే పప్పులో కాలేస్తారు అందరూ. మీటరుకు 5 చొప్పున 80 మీటర్లకు 40 సెంటీమీటర్లు దిగాలి. కాలువ లోతే 30. చివరికి వచ్చేసరికి అడుగు 70లో ఉంటుంది, నాలా అడుగేమో 60లో ఉంది. నీళ్ళు ఎగిరి దూకుతాయా?

కాలర్: (నవ్వుతూ) లేదు సార్.

ఇంజనీర్: అందుకని వాలు సగం చెయ్, 400కి 1. అప్పుడు 20 దిగుతుంది, మొత్తం 50, నాలా కంటే 10 పైన కలుస్తుంది. కానీ వాలు సగమైతే పారే నీళ్ళూ తగ్గుతాయి. సగానికి పడిపోవు, 70 శాతానికి వస్తాయి. 300 కాలువ 50 లీటర్ల దగ్గరే ఆగిపోతుంది, చాలదు. కాబట్టి 450 వెడల్పు తీసుకో, లోతు మాత్రం 300దే. అది 90 లీటర్ల దాకా లాగేస్తుంది. యార్డులో 450 అడిగితే 450 బై 450 లోడ్ చేసేస్తారు, జాగ్రత్త, దాంతో అడుగు మళ్ళీ 65కి పోతుంది, కథ మొదటికొస్తుంది. చివరి వైపు పీసుల పై అంచు నేల కంటే కిందికి దిగుతుంది కదా, అక్కడ పైన కాంక్రీటు అంచు పోసుకోవాలి. ఇంకొకటి, గుంత అంచుకు ఆనించి మాత్రం వేయొద్దు. జాయింట్ ఒక్కటి కారితే చాలు, మట్టి నాని గుంత గోడే జారిపోతుంది, కింద లేబర్ ఉంటారు.

కాలర్: సరే సార్. పీసులు మేమే దింపుకోవచ్చా, లేబర్ ఉన్నరు.

ఇంజనీర్: 75 మిల్లీమీటర్ల గోడలున్న రెండు మీటర్ల పీసు 450 కిలోలు ఉంటుంది. హైడ్రా పిలిపించు.

వ్యాఖ్యాత: హైడ్రానా సార్!

ఇంజనీర్: క్రేన్ అండీ, క్రేన్. కూల్చే హైడ్రా కాదు.

వ్యాఖ్యాత: (నవ్వు) సరే. తమ్ముడూ, టేపు పెట్టి కొలిచి మళ్ళీ ఫోన్ చేయండి, లైన్ కలుపుతాం. నరసరావుపేట నుంచి ఎవరో ఉన్నారు.

కాలర్ (నరసరావుపేట): నమస్కారమండి. మేస్త్రీనండి. రైస్ మిల్లు ఆవరణలో పోయిన ఏడాది ప్రీకాస్ట్ కాలువ వేశాం. ఒక్క ఎండాకాలం తిరిగేసరికి జాయింట్లన్నీ నోళ్ళు తెరిచినయ్ అండి. పీసులు మంచియ్యే. ఓనరు నన్నే తిడుతున్నాడు.

ఇంజనీర్: నల్లరేగడా?

కాలర్: నల్లరేగడేనండి.

ఇంజనీర్: పీసుల కింద ఏం వేశారు?

కాలర్: ఇసక పరిచి కూర్చోబెట్టామండి.

ఇంజనీర్: మరి నేల పగిలితే కాలువ పగలదా చెప్పండి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, ఇసక పరుపు దాన్ని ఆపలేదు. పైగా ఇసక గుండా నీళ్ళు హాయిగా కిందికి పోయి ఆ మట్టిని ఇంకా నానబెడతాయి. కాలువ కింద, పక్కలా ఆ మట్టిని తీసిపారేసి మొరం నింపి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి, దాని మీద కనీసం 100 మిల్లీమీటర్ల పీసీసీ, అంటే ఊచలు లేని కాంక్రీటు, పోసి అప్పుడు పీసులు పెట్టాలి. జాయింట్‌లో ఒట్టి సిమెంటు పెడితే అది గట్టిగా ఉండి ముందు అదే పగులుతుంది. అలాంటి చోట కొంచెం సాగే సీలెంట్ గానీ, తారు కలిపిన మాస్టిక్ గానీ వాడండి. ఇప్పుడు వేసినదాంట్లో జాయింట్లు పూసుకుంటూ పోతే ప్రతి ఏడూ పూస్తూనే ఉంటారు. పీసులు బాగుంటే లేపి, అడుగు సరిచేసి మళ్ళీ అవే పెట్టుకోండి. పోసిన కాలువకు ఆ అవకాశం లేదు, ప్రీకాస్ట్‌లో ఉన్న సుఖం అదే.

వ్యాఖ్యాత: విజయవాడ, అజిత్ సింగ్ నగర్ నుంచి ఒకమ్మ. చెప్పండమ్మా.

కాలర్ (విజయవాడ): నమస్తే అండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు మా ఇంట్లోకి వచ్చాయండి, నడుం పైదాకా. ఇప్పుడు పాత ఇల్లు తీసేసి కొత్తది కడుతున్నాం. గేటు దగ్గర అడ్డంగా ప్రీకాస్ట్ కాలువ, పైన ఇనుప జాలీ వేస్తే నీళ్ళు లోపలికి రావంటున్నాడు కాంట్రాక్టరు. నిజమేనా అన్నయ్యా?

ఇంజనీర్: అమ్మా, మీకు నచ్చకపోయినా ఉన్నమాట చెబుతాను. అలాంటి వరదకు ఆ కాలువ అస్సలు పనిచేయదు. వీధిలో నీళ్ళు ఇంటి లెవెల్ దాటితే, ఆ కాలువలోంచే అవి వెనక్కి మీ ఆవరణలోకి వస్తాయి. అది రోజువారీ వానకు, రోడ్డు మీద నీళ్ళు ర్యాంపు దిగి లోపలికి రాకుండా ఉండటానికి. దానికి మాత్రం మంచిదే, వేయించుకోండి. వీధి కాలువలో కలిసే చోట ఫ్లాప్ వాల్వు పెట్టించండి, అంటే ఒకవైపే తెరుచుకునే మూత, బయట నీళ్ళు పెరిగితే అదే మూసుకుంటుంది. వరద భయానికి మందు ఇంటి ప్లింత్ ఎత్తు, అంటే నేల మీద నుంచి ఇంటి గచ్చు దాకా ఉండే ఎత్తు. అప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద మరక ఉందా?

కాలర్: ఉందండి. పాత గోడ ఇంకా కొట్టలేదు.

ఇంజనీర్: కొట్టకముందే ఆ మరక ఎత్తు పక్కింటి గోడ మీదో, కరెంటు స్తంభం మీదో గుర్తు పెట్టించండి. మీ ఇంటికి అంతకంటే మంచి లెవెల్ ఏ ఇంజనీరూ ఇవ్వలేడు. ఇక జాలీ సంగతి, మీ కారు ఒక్కటే కాదు, ఇప్పుడు ఇసక లారీ కూడా దాని మీదుగానే వస్తుంది. సన్న జాలీ అయితే మొదటి లారీకే వంగిపోతుంది. పని అయ్యేదాకా పైన మందపాటి స్టీలు ప్లేటు వేసి ఉంచమనండి. ఆ కాలువకు రెండు పక్కలా కాంక్రీటు పట్టీ పోయించండి. పక్క మద్దతు లేకపోతే చక్రం ఎక్కినప్పుడు గోడ విడిపోతుంది.

వ్యాఖ్యాత: దుబాయ్ నుంచి కాల్ ఉందండీ, జగిత్యాల అన్న.

కాలర్ (దుబాయ్): నమస్తే. నేను ఇక్కడ డ్రైనేజ్ కంపెనీల ఫోర్‌మెన్. పోయినసారి 2024 ఏప్రిల్ 16 వాన, మా జన్మలో చూడలే సార్. అల్ ఐన్ దగ్గర ఒక్క రోజుల 254 మిల్లీమీటర్లు పడ్డది. అడగాలని కాదు, ఒక మాట చెప్దామని చేసిన. ఇక్కడ ప్రతి కాలువ మీద, జాలీ మీద సి250, డి400 అని అచ్చు వేసి ఉంటది. ఊరికి పోయి తమ్ముని షెడ్డుకు మోరీ కొందామంటే యార్డుల "ఎంత బరువు ఓర్చుకుంటది" అని అడిగిన, "ఏనుగు ఎక్కినా ఏం కాదు" అన్నడు.

ఇంజనీర్: (నవ్వు) ఏనుగు నాలుగైదు టన్నులే అన్నా, రెడీమిక్స్ బండిలో ఆరు క్యూబిక్ మీటర్ల కాంక్రీటే 14 టన్నులు! మీరు మంచి మాట తెచ్చారు. ఆ అక్షరాలు యూరప్ ప్రమాణం ఈఎన్ 1433వి. ఏ15 అంటే 15 కిలోన్యూటన్లు, ఒకటిన్నర టన్ను, మనుషులు నడిచేచోట. బి125 కార్ల పార్కింగ్, సి250 రోడ్డు అంచు, డి400 లారీలు తిరిగే రోడ్డు, ఆపైన ఈ600, ఎఫ్900 రేవులకూ విమానాశ్రయాలకూ. మన దగ్గర ప్రీకాస్ట్ కాంక్రీటు మ్యాన్‌హోల్ మూతలకు భారత ప్రమాణం ఐఎస్ 12592లో ఇలాంటివే ఉన్నాయి, 2.5 టన్నులు, 10, 20, 35. కానీ ఈ అంకె లారీ మొత్తం బరువు కాదండీ, పరీక్షలో ఆ ముక్క మీద నొక్కే బరువు. అది కలిపేసుకుని భయపడేవాళ్ళూ ఉన్నారు, ధైర్యపడేవాళ్ళూ ఉన్నారు. అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, మీ కార్లకని కాలువల మీద తేలిక కవర్ స్లాబులు వేస్తారు, నేషనల్ బిల్డింగ్ కోడ్ ఏమో ఎత్తయిన భవనం చుట్టూ ఉన్న దారి 45 టన్నుల దాకా ఫైరింజన్‌ను మోయాలంటుంది.

కాలర్: మరి మన యార్డుల అచ్చు లేకపోతే ఎట్ల చూడాలె సార్?

ఇంజనీర్: 28 రోజుల క్యూబ్ టెస్ట్ రిపోర్టు, అంటే కాంక్రీటు దిమ్మను నొక్కి బలం చూసిన రిపోర్టు, అడగండి, పోసిన తేదీ అడగండి. నిన్న పోసింది ఈ రోజు లోడ్ చేసే మహానుభావులున్నారు. చిన్న సుత్తితో తట్టండి, ఖంగుమనాలి, డొల్ల శబ్దం వస్తే వదిలేయండి. కంకర తేలి తేనెపట్టులా ఉంటే, ఊచ బయటికి కనబడితే అసలు ముట్టుకోవద్దు.

వ్యాఖ్యాత: కాకినాడ నుంచి ఒక మెసేజ్, "సముద్రం దగ్గర సైట్, ఏం జాగ్రత్త?"

ఇంజనీర్: ఊచ మీద కాంక్రీటు మందం. ఐఎస్ 456 మామూలు చోట 20 మిల్లీమీటర్లు చాలంటుంది, కోస్తా గాలి తగిలేచోట 45. గోడ మందమే 60 ఉన్న పీసులో అది ఎలా కుదురుతుందో యార్డు వాళ్ళనే అడగండి.

వ్యాఖ్యాత: సార్, నాదో ప్రశ్న. ఈ కాలువలు పని మొదట్లోనే వేయాలా, అంతా అయ్యాకా?

ఇంజనీర్: బయటికి పోయే మెయిన్ లైను మొదట్లోనే వేసేయాలి, లోపలి చిన్నవి చివర్లో. మొదట్లో వేసినవాటి దగ్గర ప్రమాదం ఏమిటంటే... నా సొంత అనుభవం చెబుతాను. ఒక సైట్‌లో చక్కగా 120 మీటర్లు వేశాం. ఏడాది తర్వాత అప్పగించే ముందు మూతలు తీస్తే లోపల కాలువ లేదు! రెడీమిక్స్ బండ్ల వాళ్ళు రోజూ డ్రమ్ము కడిగిన సిమెంటు నీళ్ళన్నీ అందులోకే వదిలారు, అది పొర మీద పొర గడ్డకట్టి సగానికి పైగా నిండిపోయింది. బ్రేకర్ పెడితే గడ్డతో పాటు కాలువ అడుగూ లేచిపోయింది. కాపలా పెట్టనిది నేనే, ఎవరిని అంటాను. అప్పట్నుంచి బండి కడగడానికి వేరే గుంత, కాలువకు ముందు ఒక సిల్ట్ ట్రాప్, అంటే కాలువ అడుగు కంటే రెండడుగులు లోతుగా ఉన్న తొట్టి, బురద అందులో దిగిపోతుంది. ప్రతి పెద్ద వాన తర్వాత దాన్ని తోడించాలి. తోడించకపోతే అది తొట్టి కాదు, నిండిన కుండీ.

వ్యాఖ్యాత: రెండు నిమిషాలే ఉన్నాయి. నిజాంపేట తమ్ముడు మళ్ళీ లైన్లో ఉన్నారు.

కాలర్ (నిజాంపేట): సార్, నాలా దగ్గర్నే ఉన్న. టేపు పెట్టిన. రెండు ఫీట్లు లేదు సార్, ఒకటిన్నరే ఉంది. 45 సెంటీమీటర్లు.

ఇంజనీర్: మన కాలువ 50లో వస్తుందన్నాం. అయిదు కింద పడింది. ఆర్డర్ ఇచ్చేశావా?

కాలర్: ఇంకా లేదు సార్, యార్డుకు ఫోన్ చేద్దామనుకుంటున్న.

ఇంజనీర్: చేయకు. గడ్డపార ఉందా అక్కడ? నాలా అడుగులో పొడిచి చూడు, అది కాంక్రీటా, పూడికా.

కాలర్: ఒక్క నిమిషం సార్... వాచ్‌మన్ పొడుస్తున్నడు... దిగుతున్నది సార్.

ఇంజనీర్: ఎంత దిగింది?

కాలర్: జానెడు.

ఇంజనీర్: అయితే నీ రెండడుగులు నిజమే, పైన జానెడు బురద కూర్చుంది. రేపు పొద్దున వార్డు ఆఫీసులో పూడిక తీయమని కాగితం ఇవ్వు, తీసిన తర్వాత మళ్ళీ టేపు పెట్టు. అప్పటిదాకా గుంతలో మోటారు అక్కడే ఉండనీ.