చేరిన చోట లెక్క

సభకు నమస్కారం.

అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పాలన ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని విద్యార్థులు అడిగితే, నేను వాళ్లకు ఒక గుంత గురించి చెబుతాను. ఇండొనేషియాలోని జావా దీవిలో, ఒక పల్లె రోడ్డు మధ్యలో తవ్విన గుంత అది.

2003లో అక్కడ ప్రపంచ బ్యాంకు సొమ్ముతో నడిచే ఒక ప్రభుత్వ పథకం కింద పల్లెల్లో చిన్న రోడ్లు వేస్తున్నారు. ఇసుక, రాళ్లు, పైన కంకర. నిధులు నేరుగా ఊరి చేతికి వస్తాయి, పని ఊరివాళ్లే చేయిస్తారు, చివర్లో ఖర్చుల లెక్క రాసి పైకి పంపుతారు. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త ఆ కాగితాలతో సరిపెట్టుకోలేదు. ఆరు వందలకు పైగా ఊళ్లలో పూర్తయిన రోడ్లను ఇంజినీర్ల చేత అక్కడక్కడ తవ్వించి, లోపల ఎంత రాయి, ఎంత ఇసుక పడిందో కొలిపించారు. చుట్టుపక్కల వ్యాపారుల దగ్గర ధరలు ఆరా తీయించారు. ఎవరెవరు పనికి వచ్చారో, ఎంత కూలి తీసుకున్నారో ఊరివాళ్లనే అడిగించారు. అంతా కలిపి, ఊరు చూపించిన ఖర్చు పక్కన పెట్టి చూశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రోడ్డు వేసేటప్పుడు కొంత సామగ్రి ఎలాగూ పోతుంది. ఇసుక కొంత కొట్టుకుపోతుంది, కొంత రవాణాలో రాలిపోతుంది. దాన్నీ దొంగతనం కింద జమ చేస్తే ఊరివాళ్లకు అన్యాయం జరుగుతుంది. అందుకని ఆయన బృందం, పైసా కూడా పక్కదారి పట్టే వీలు లేకుండా, తామే కొన్ని చిన్న రోడ్లు వేయించి వాటినీ తవ్వి కొలిచింది. నిజాయతీగా వేసిన రోడ్డులో ఎంత తరుగు వస్తుందో తెలిశాకే మిగతా ఊళ్ల లెక్క తేల్చారు. ముక్కూ మొహం తెలియని పల్లెవాళ్ల మీద నింద వేయడానికి ముందు ఇంత జాగ్రత్త పడిన పరిశోధన అంటే నాకు ఎంతో గౌరవం.

చివరికి తేలిందేమిటంటే, సగటున చూపించిన ఖర్చులో దాదాపు నాలుగో వంతు రోడ్డు దాకా చేరలేదు. కొన్ని ఊళ్లకు మాత్రం ప్రభుత్వ ఆడిటర్లు తప్పకుండా వస్తారని ముందే చెప్పారు. మామూలుగా ఆ తనిఖీ జరిగే అవకాశం 4 శాతమే. తనిఖీ ఖాయమన్న ఊళ్లలో మాయమైన సొమ్ము వాటా 8 శాతం పాయింట్లు తగ్గింది. అయితే అవే ఊళ్లలో పని చేయించేవాళ్ల బంధువులకు కూలి పనులు ఎక్కువగా దొరికాయి. ఒక కంత మూస్తే మరో కంత తెరుచుకుంది. ఊరి సభలకు ఎక్కువ మందిని పిలిచి చూస్తే సగటున చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పేరు రాయనక్కరలేని అభిప్రాయ పత్రాలను ఊరి పెద్దల చేత కాకుండా బడి ద్వారా ఇళ్లకు పంపిన చోట మాత్రం ఫలితం కనిపించింది. కాగితం ఒకటే, చేతులు మారాయి.

పాలనను మనిషికి చేరిన చోట లెక్కపెట్టాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ చాలా కాలం మన రంగంలో లెక్క పై నుంచే మొదలైంది. ఏ దేశంలో వ్యాపారం చేయడం ఎంత సులువో చెప్పే నివేదికను ప్రపంచ బ్యాంకు 2003 నుంచి ప్రచురించింది, తర్వాత అందులో దేశాలకు ర్యాంకులూ ఇస్తూ వచ్చింది. ఆ లెక్క ప్రధానంగా పెద్ద నగరాల్లోని న్యాయవాదులు, అకౌంటెంట్లు చెప్పిన దాని మీద ఆధారపడింది. నిబంధన ప్రకారం ఎన్ని రోజులు పట్టాలో అందులో తెలుస్తుంది. దరఖాస్తు పట్టుకుని తిరిగిన మనిషికి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో తెలియదు. ప్రభుత్వాలు ర్యాంకు కోసం నిబంధనలు మార్చుకున్నాయి. చివరికి 2018, 2020 నివేదికల గణాంకాల్లో అవకతవకలు బయటపడి, 2021 సెప్టెంబరులో బ్యాంకే ఆ నివేదికకు స్వస్తి చెప్పింది. అన్నేళ్ల శ్రమ అలా ముగియడం బాధాకరం.

ఉగాండాలో దీనికి భిన్నమైన లెక్క వేశారు. 1991 నుంచి 1995 వరకు ప్రాథమిక పాఠశాలలకు విద్యార్థికి ఇంత చొప్పున కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన నిధులను రిత్వా రెయినిక్కా, యాకోబ్ స్వెన్సన్ అనే పరిశోధకులు బడులకే వెళ్లి లెక్కపెట్టారు. సగటున 13 శాతం మాత్రమే బడికి చేరింది. ఎక్కువ బడులకు ఏమీ రాలేదు. సొమ్ము జిల్లా కార్యాలయాల మీదుగా వెళ్లేది. తమకు అంత రావాలన్న సంగతే చాలామంది ప్రధానోపాధ్యాయులకు తెలియదు. రావాల్సింది ఎంతో తెలియనివాడు రాలేదని ఎవరిని నిలదీస్తాడు? ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో ప్రచురించడం మొదలుపెట్టింది. బడి గోడల మీద వివరాలు అంటించమంది. 2001 నాటికి చేరే వాటా 80 శాతం దాటింది. అదే కాలంలో జరిగిన ఇతర సంస్కరణలకూ ఇందులో పాత్ర ఉంది కనుక ఘనతంతా పత్రికలదే అనడం సరికాదు. అయినా ఆ 13 శాతం అన్న అంకె లేకపోతే సంస్కరణ మొదలయ్యేదే కాదని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్క తెలిస్తే చాలు, పాలన దానంతట అదే బాగుపడుతుందని అనుకునేవాళ్లకు రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లా అనుభవం చెప్పాలి. అక్కడ ఆరోగ్య ఉపకేంద్రాలకు చెప్పకుండా వెళ్లి చూస్తే సగానికి పైగా సార్లు తలుపులు మూసి ఉన్నాయి. ఒక స్వచ్ఛంద సంస్థ, జిల్లా యంత్రాంగం, పరిశోధకులు కలిసి నర్సులకు తేదీ, సమయం ముద్ర వేసే యంత్రాలు ఇచ్చారు. నిర్ణయించిన రోజున మూడు సార్లు ముద్ర వేయాలి. గైర్హాజరు మితిమీరితే జీతం కోస్తారు. మొదటి ఆరు నెలల్లో హాజరు దాదాపు రెట్టింపయింది. పదహారు నెలలు గడిచేసరికి యంత్రం ఉన్న కేంద్రానికీ లేని కేంద్రానికీ తేడా లేకుండా పోయింది. యంత్రాల లెక్క తప్పలేదు. కానీ 'ఈ రోజు ఆమెకు వేరే పని ఉంది, మినహాయింపు' అని పై అధికారులు రాసిచ్చే రోజులు పెరుగుతూ పోయాయి.

ఆ నర్సులను తిట్టడానికి నేను ఈ సంగతి చెప్పడం లేదు. మూసిన తలుపు చూసి చూసి ఊరివాళ్లు ఉపకేంద్రానికి రావడమే మానేశారు, డబ్బు పోసి ఎవరో ఒకరి దగ్గర సూది వేయించుకుంటున్నారు. నర్సు రాలేదని అడిగే గొంతే ఊళ్లో లేనప్పుడు మినహాయింపు రాసే చేతికి అడ్డు ఎవరు? అంకె పుట్టాక దాన్ని పట్టుకుని నిలబడే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి ఎవరన్నదే పాలన మీద జరిగే పరిశోధనలో అతి కష్టమైన ప్రశ్న అని నా అభిప్రాయం.

సాంకేతికత గురించి ఒక జంట ఉదాహరణ చెబుతాను. రెండూ కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ పరిశోధనలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో ఇచ్చినప్పుడు డబ్బు త్వరగా అందింది. ఉపాధి హామీలో పక్కదారి పట్టే సొమ్ము 40 శాతం మేర తగ్గింది. కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపు కొనసాగింది. జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో వేలిముద్ర తప్పనిసరి చేసినప్పుడు మాత్రం దొంగతనం తగ్గలేదు. అంతకుముందు ఆధార్ అనుసంధానం కాని కుటుంబాలకు అందే సరుకు సగటున 10 శాతం తగ్గింది, వాళ్లలో కొందరికి అసలేమీ అందలేదు. ఒకచోట యంత్రాన్ని చెల్లింపు సులువు చేయడానికి తెచ్చారు, మరోచోట మనిషిని వడపోయడానికి పెట్టారు. దీని గురించి మాట్లాడినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఖాళీ సంచితో వెనక్కి వెళ్లిన అర్హుడు ఖజానా పుస్తకంలో ఆదాగా కనిపిస్తాడు. ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లి అడిగితే తప్ప ఆ ఆదా దేన్నుంచి వచ్చిందో బయటపడదు.

స్మార్ట్‌కార్డుల విషయంలో జరిగిన ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక దశలో ప్రభుత్వం ఆ పథకాన్ని ఆపేయాలని ఆలోచించింది. కారణం, కింది నుంచి వచ్చే ఫిర్యాదులే. కానీ పక్కదారి సొమ్ము ఆగిపోయి నష్టపోయినవాళ్లకు అధికారుల దగ్గరికి దారి తెలుసు, లాభపడ్డ లక్షల మందికి తెలియదు. లబ్ధిదారులను నేరుగా అడిగినప్పుడు 90 శాతానికి పైగా కొత్త పద్ధతే కావాలన్నారు. పథకం నిలిచింది.

అందుకే 2018లో తెలంగాణలో జరిగిన పని నాకు ఆశ కలిగిస్తుంది. రైతుబంధు చెక్కుల పంపిణీ తర్వాత రైతులకు నేరుగా ఫోను చేసి చెక్కు అందిందా, ఎప్పుడు అందిందని అడిగారు. లాటరీ పద్ధతిలో ఎంపిక చేసిన కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు మాత్రం ఈ ఫోన్ల సంగతి ముందే చెప్పారు. ఆ మండలాల్లో చెక్కు అందుకున్న రైతులు సుమారు ఒకటిన్నర శాతం పెరిగారు. అంకె చిన్నదే, అయినా అయిన ఖర్చు అంతకంటే చాలా చిన్నది.

ఉదయ్‌పూర్‌లో పదహారో నెలలో జరిగింది మరచిపోకుండా ఇలాంటి పనికి పూనుకోవాలని ఇక్కడున్న యువ పరిశోధకులను కోరుతున్నాను. మొదటి ఏడాది ఫలితం బాగా వచ్చిందని ఆపేయకండి. రెండో ఏడూ, మూడో ఏడూ అవే మండలాలకు ఫోను చేయండి. వచ్చిన లెక్కను పత్రికకు పంపే ముందు, ఫోను ఎత్తి జవాబు చెప్పిన రైతుకు ఒకసారి చదివి వినిపించండి.