రికాబులు లేని గుర్రం

అధ్యక్షులవారికి, పెద్దలకు, ఇంత ఎండలో కోట ఎక్కి దిగి వచ్చిన పిల్లలకు నమస్కారం. నన్ను గుత్తి కోట గురించి మాట్లాడమని పిలిచారు. నేను మాత్రం మద్రాసులో ఉన్న ఒక గుర్రం గురించి మాట్లాడతాను. ఏమీ అనుకోవద్దు, ముప్పై ఏళ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది.

అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో మా బస్సు మద్రాసు గవర్నరు థామస్ మన్రో గుర్రం మీద కూర్చున్న విగ్రహం దాటితే చాలు, పక్కసీటాయన మొదలుపెట్టేవాడు. "చూశారా, గుర్రానికి జీను లేదు, కాళ్లు పెట్టుకునే రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడు. తర్వాత తెలిసి ప్రాణం తీసుకున్నాడు!"

తీసుకోలేదండీ! ఆయన పేరు ఫ్రాన్సిస్ చాంట్రీ. 1781లో ఇంగ్లండులో షెఫీల్డు దగ్గర పుట్టాడు. పన్నెండేళ్లకే తండ్రి పోయాడు. కిరాణా కొట్లో పెడితే మనసు నిలవక, చెక్క మీద నగిషీ చెక్కేవాళ్ల దగ్గర పనికి చేరాడు. చివరికి రాజుల విగ్రహాలు చేసే స్థాయికి వెళ్లాడు. మన్రో విగ్రహం మద్రాసులో నిలబెట్టింది 1839లో. ఈయన 1841లో, అరవయ్యో ఏట, సొంత ఇంట్లో మామూలుగానే పోయాడు.

ఇక రికాబులు. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగో జార్జి రాజు గుర్రపు విగ్రహం ఈయన చేసిందే. దానికీ రికాబులు లేవు. ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ గుర్రపు విగ్రహం ఈయన మొదలుపెట్టి పోతే శిష్యుడు పూర్తిచేశాడు. దానికీ లేవు. పిల్లలూ, మీరు చెప్పండి, మూడు గుర్రాలకూ మరిచిపోతాడా? రోమ్‌లో పాతకాలపు చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ కంచు గుర్రం ఉంది, దానికీ లేవు. ఆ కాలపు రోమన్లకు అసలు రికాబులే తెలియవు. ఈయన ఆ పాత తీరునే పట్టుకున్నట్టుంది.

గంట కొట్టారు. ఒక్క నిమిషం అధ్యక్షా. మన్రోను ఊరికే పొగడడానికి రాలేదు నేను. నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన మన దత్తమండలాల కలెక్టరుగా పాలెగాళ్లను అణిచిందీ ఆయనే, రైతు దగ్గరే నేరుగా శిస్తు కట్టించుకునే రైతువారీ పద్ధతి తెచ్చిందీ ఆయనే. గవర్నరుగా ఉండి 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోతే, ముందు పూడ్చింది మన గుత్తిలోనే. ఆయన పేరే పిల్లలకు పెట్టుకునేవాళ్లు, మా చిన్నప్పుడు వీధిలో "మన్రోలప్పా" అని కేకేస్తే ఇద్దరు పలికేవాళ్లు.

పోయినేడు మనవణ్ణి తీసుకుని చెన్నై వెళ్లాను. ఆటో అబ్బాయి మళ్లీ అదే కథ చెప్పాడు. నాకొచ్చిన తమిళంలో ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, "సరే సార్, మరి రికాబు లేకుండా ఆయన గుర్రం ఎలా ఎక్కాడు?" అన్నాడు. డబ్బులిచ్చి దిగిపోయాను.