వెంబ్లీ గెలుపు వెనక ఎమ్‌టీకే

అందరికీ నమస్కారం.

హంగేరీ ఫుట్‌బాల్ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చే పేరు పుష్కాష్. ఆయన ఆడిన హోన్వేద్ క్లబ్ గురించి కూడా మీలో చాలామంది వినే ఉంటారు. ఈరోజు నేను మాట్లాడబోయేది మాత్రం బుడాపెస్ట్‌లోనే ఉన్న మరో క్లబ్ గురించి, ఎమ్‌టీకే గురించి. 1953 నవంబరు 25న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో హంగేరీ 6-3 తేడాతో ఇంగ్లండ్‌ను ఓడించింది. బ్రిటిష్ దీవుల బయటి జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంతగడ్డ మీద ఓడిపోవడం అదే మొదటిసారి. ఆ రోజు ప్రపంచం చూసిన ఆట పుట్టి పెరిగింది ఎమ్‌టీకేలోనే అని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్తాను.

క్లబ్ 1888లో మొదలైంది. అప్పట్లో అది వ్యాయామాల సంఘం. ఫుట్‌బాల్ విభాగం వచ్చింది 1901లో. స్థాపకుల్లో, అభిమానుల్లో నగరంలోని యూదు మధ్యతరగతి వాళ్లు ఎక్కువ. 1905లో అధ్యక్షుడైన ఆల్ఫ్రేద్ బ్రూల్ కూడా యూదుడే. బాగా ఉన్నవాడు. ఆ డబ్బునీ, మూడు దశాబ్దాలకు పైగా తన జీవితాన్నీ ఈ క్లబ్‌కే ఇచ్చాడు. హంగారియా రోడ్డు మీద 1912లో స్టేడియం తెరిచింది ఆయన హయాంలోనే.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి జిమ్మీ హోగన్ అనే ఇంగ్లిష్ కోచ్ వియన్నాలో ఉన్నాడు. శత్రుదేశస్థుడని పట్టుకున్నారు. ఎమ్‌టీకే పెద్దలు ఆయన్ని బుడాపెస్ట్‌కు రప్పించి కుర్రాళ్లను అప్పజెప్పారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో బంతిని గట్టిగా, దూరంగా తన్నడమే ఆట. హోగన్ నేర్పింది వేరు. బంతి నేల మీదే ఉండాలి, వచ్చిన బంతి ముందు కాలికి లొంగాలి, పక్కనున్నవాడికి చిన్న పాస్ ఇచ్చి ఖాళీలోకి కదలాలి. గ్యోర్గ్ ఓర్త్, యోజెఫ్ బ్రౌన్ లాంటి ఆటగాళ్లు ఆయన చేతిలో తయారయ్యారు. 1914 నుంచి 1925 లోపు ఎమ్‌టీకే వరుసగా 10 లీగ్ టైటిళ్లు గెలిచింది.

టైటిళ్ల కంటే నాకు ముఖ్యంగా అనిపించేది ఆ పాఠం ఎంత దూరం వెళ్లిందన్నది. 1920ల మొదట్లో ఈ జట్టులో ఆడిన బేలా గుట్మన్ తర్వాత కోచ్‌గా పోర్చుగల్ క్లబ్ బెన్‌ఫికాకు 1961, 1962లలో యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ యూరోపియన్ కప్ గెలిపించాడు. డిఫెండర్ గ్యులా మాండి, మిడ్‌ఫీల్డ్‌లో ఆడిన గుస్తావ్ షెబెష్ కూడా ఇక్కడివాళ్లే. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి.

ఇక ఇక్కడి నుంచి చెప్పడం కష్టం. 1938 నుంచి హంగేరీలో యూదు వ్యతిరేక చట్టాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1940లో జట్టు మూతపడింది. యోజెఫ్ బ్రౌన్ బలవంతపు కూలి దళంలో 1943లో చనిపోయాడు. బ్రూల్‌ను 1944లో నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. ఒక దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన క్లబ్‌ను కట్టిన మనిషికి ఆ దేశం చేసింది ఇది. మాండి కూడా కూలి దళంలోకి వెళ్లాడు, ప్రాణాలతో తిరిగొచ్చాడు.

యుద్ధం తర్వాత క్లబ్ మళ్లీ లేచింది. కానీ 1950 నాటికి కమ్యూనిస్టు ప్రభుత్వం క్లబ్బులన్నిటినీ చేతిలోకి తీసుకుంది. హోన్వేద్ సైన్యానికి వెళ్లింది, ఎమ్‌టీకే రహస్య పోలీసుల కిందకి వచ్చింది. పేరు కూడా మార్చేశారు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. అభిమానులకు అది ఎంత అవమానంగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. విచిత్రమేమిటంటే, ఆ రోజుల్లోనే మార్తోన్ బుకోవి అనే కోచ్ అక్కడ ఆటనే మార్చేశాడు.

బుకోవి దగ్గర హోఫ్లింగ్ అనే భారీ సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందు నిలబడి గోల్స్ కొట్టేవాడు, ఉండేవాడు. అతను ఇటలీకి వెళ్లిపోయాక అలాంటివాడు ఇంకొకడు దొరకలేదు. సరే, లేనివాడి కోసం వెతకడమెందుకని పేతెర్ పలోతాష్‌ను వెనక్కి జరిపి మిడ్‌ఫీల్డ్ దగ్గర నిలబెట్టాడు. దాంతో సెంటర్ ఫార్వర్డ్‌ను కాచుకోవాల్సిన ఎదుటి డిఫెండర్‌కు, అంటే సెంటర్ హాఫ్‌కు, సమస్య మొదలైంది. వెంట వెళ్తే వెనక పెద్ద ఖాళీ, వెళ్లకపోతే పలోతాష్‌కు స్వేచ్ఛ. 1952లో స్విట్జర్లాండ్‌తో మ్యాచ్‌లో హంగేరీ 0-2తో వెనకబడినప్పుడు పలోతాష్ బదులు అదే క్లబ్‌కు చెందిన నాందోర్ హిదెగ్‌కుటిని దించారు. హంగేరీ 4-2తో గెలిచింది. ఆ తర్వాత ఆ స్థానం హిదెగ్‌కుటిదే.

వెంబ్లీలో మొదటి నిమిషంలోనే గోల్ కొట్టింది హిదెగ్‌కుటి. మొత్తం మూడు కొట్టాడు. ఇంగ్లండ్ డిఫెండర్ హ్యారీ జాన్‌స్టన్‌కు అతని వెంట వెళ్లాలో ఆగాలో చివరిదాకా తోచలేదు. హిదెగ్‌కుటితో పాటు లంతోష్, జకరియాష్ ఎమ్‌టీకే వాళ్లు. మిగతావాళ్లలో ఎక్కువమంది హోన్వేద్ నుంచే వచ్చారు, అది నేను కాదనను. కానీ ఆ జట్టు కోచ్ ఎవరు? గుస్తావ్ షెబెష్. ఆయన సహాయకుడు గ్యులా మాండి. హోగన్ నేర్పినట్టే ఆడామని షెబెష్ తర్వాత చెప్పాడు కూడా. 1914లో వేసిన విత్తనం 1953లో వెంబ్లీలో కాసింది.

పలోతాష్ పేరు నేడు చాలామందికి తెలియదు, నాకు బాధ కలిగించే విషయం అది. యూరోపియన్ కప్ చరిత్రలో, అంటే ఇప్పటి ఛాంపియన్స్ లీగ్ చరిత్రలో, మొదటి హ్యాట్రిక్ అతనిదే. 1955 సెప్టెంబరులో బెల్జియం క్లబ్ ఆండర్లెక్ట్‌పై కొట్టాడు, జట్టు 6-3తో గెలిచింది. 1964లో ఎమ్‌టీకే, యూరప్ దేశాల కప్ విజేతలు ఆడే కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌కు చేరింది. స్పోర్టింగ్ లిస్బన్‌తో 3-3 డ్రా అయ్యాక రెండో మ్యాచ్‌లో 0-1తో ఓడింది. కార్నర్ నుంచి నేరుగా వచ్చిన గోల్ అది.

ఇప్పటిదాకా 23 లీగ్ టైటిళ్లు. చివరిది 2008లో. తర్వాత రెండో డివిజన్‌కు పడిపోవడం, పైకి రావడం జరుగుతూనే ఉంది. పాత మైదానం చోటే 2016లో కొత్త స్టేడియం కట్టి, హిదెగ్‌కుటి పేరే ఉంచారు. అగార్డ్‌లోని వాళ్ల అకాడమీలో ఇప్పటికీ పిల్లలు తయారవుతున్నారు. బుడాపెస్ట్ వెళ్లేవాళ్లు పుష్కాష్ పేరున్న పెద్ద స్టేడియం చూసి తిరిగొచ్చేస్తారు. హంగారియా రోడ్డు మీదికి కూడా వెళ్లి ఒక లీగ్ మ్యాచ్ చూడండి. ఆ మైదానం హక్కుగా పొందాల్సిన గౌరవం అది.