క్యామ్ కథ: టాపెట్ చప్పుడు నుంచి కాంపౌండ్ విల్లు దాకా

(తెరపై: నెమ్మదిగా తిరుగుతున్న గుడ్డు ఆకారపు ఇనుప ముక్క)

నమస్కారం. ఎడ్లబండికి గుండ్రటి చక్రాలు తీసేసి కోడిగుడ్డు ఆకారంలో చక్రాలు పెట్టామనుకోండి. ఇరుసు కూడా నడిమధ్యలో కాకుండా గుడ్డు లావుగా ఉన్న వైపు బిగించాం. ఎద్దులు ఒకే తీరున నడిచినా, చక్రం తిరిగినప్పుడల్లా బండి ఒకసారి లేచి దిగుతుంది. ప్రయాణానికి పనికిరాని ఈ చక్రమే ఇంజిన్‌కు ప్రాణం. దాని పేరు క్యామ్.

(తెరపై: మూత తీసిన బైక్ ఇంజిన్)

ఇదిగో క్యామ్‌షాఫ్ట్, అంటే క్యామ్‌లున్న కడ్డీ. గుడ్డు మొన పైకి రాగానే రాకర్ అనే చిన్న మీటను నెడుతుంది, రాకర్ వాల్వ్‌ను, అంటే ఇంజిన్‌లోకి గాలి వచ్చిపోయే దారి తలుపును, తెరుస్తుంది. మొన దాటిపోగానే స్ప్రింగ్ వాల్వ్‌ను మూసేస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే క్యామ్‌ను తిప్పే పళ్లచక్రానికి (స్ప్రాకెట్) క్రాంక్ చక్రం కన్నా పళ్లు రెట్టింపు ఉంటాయి. క్రాంక్ నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కో వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది!

ఇక సెట్టింగ్ సంగతి. క్యామ్ ఆకారాన్ని మనం ముట్టుకోం. అది ఎప్పుడు తగలాలి, ఎంత సందు తర్వాత తగలాలి అన్నదే సరిచేస్తాం. ఇంజిన్ వేడెక్కితే లోహం సాగుతుంది కాబట్టి వాల్వ్‌కూ రాకర్‌కూ మధ్య వెంట్రుకవాసి సందు వదులుతారు. చిన్న బైకుల్లో అది 0.1 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. మీ బండి కొలత మాత్రం మాన్యువల్‌లోనే చూడండి.

సందు కొలవాలంటే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్ చివర పైకి వచ్చేలా టైమింగ్ గుర్తు కలపాలి. అప్పుడు రెండు వాల్వ్‌లూ మూసుకుని ఉంటాయి, రాకర్లు వేలితో కదిపితే కొద్దిగా ఆడతాయి. సందు కొలిచే పల్చటి రేకు, అంటే ఫీలర్ గేజ్, దూర్చితే కాస్త పట్టి పట్టి జారాలి. సందు సరిచేసే మర కదలకుండా పట్టే లాక్‌నట్ బిగించాక మళ్లీ కొలవండి. బిగించేటప్పుడే చాలాసార్లు సందు మారిపోతుంది.

ఈ సందు వల్ల రాకర్ వాల్వ్‌ను తట్టే టక్‌టక్ శబ్దమే టాపెట్ చప్పుడు. చాలామంది మెకానిక్‌తో "టాపెట్ చప్పుడు పూర్తిగా పోవాలి" అంటారు. దయచేసి అలా అడగకండి. వాల్వ్ తన వేడిని ఎక్కువగా సీటుకు, అంటే మూసుకున్నప్పుడు అది కూర్చునే అంచుకు, ఆనుకుని ఉన్నప్పుడే దించుకుంటుంది. సందు మరీ తక్కువైతే అది పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ పోతుంది, పికప్ తగ్గుతుంది, చివరికి వాల్వ్ అంచు కాలిపోతుంది. కొద్దిగా మోగే టాపెట్ కన్నా నిశ్శబ్దంగా బిగుసుకున్న టాపెట్టే ప్రమాదం.

(తెరపై: కాంపౌండ్ విల్లు, చివర్లో క్యామ్‌లు)

ఇప్పుడు విల్లు. మామూలు విల్లును లాగే కొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. పూర్తిగా లాగి గురిచూసే సమయానికి చెయ్యి వణుకుతుంది. అమెరికాలోని మిస్సోరికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీనికి విరుగుడు కనిపెట్టారు. 1969లో పేటెంట్ వచ్చింది.

విల్లు చివర ఉన్న ఈ క్యామ్ మీద రెండు గాడులున్నాయి. ఒకదాంట్లో నారి, రెండోదాంట్లో విల్లు రెండు కొమ్మలను, అంటే లింబ్‌లను, వంచే కేబుల్. గునపంతో బండరాయి లేపినట్టే అనుకోండి: మనం పట్టుకున్న వైపు పొడవు పెరిగితే బరువు తేలికవుతుంది. నారి లాగుతుంటే క్యామ్ తిరుగుతుంది. చివరికొచ్చేసరికి, గునపంలో లాగే, నారి వైపు పొడవు పెరిగి, కేబుల్ వైపు పొడవు తగ్గుతుంది. 60 పౌండ్ల విల్లులో చివర్లో బరువు 75 శాతం తగ్గితే, గురి చూసేటప్పుడు చేతిమీద 15 పౌండ్లే, అంటే దాదాపు 7 కిలోలు. లాగినప్పుడు పెట్టిన శక్తి ఎక్కడికీ పోలేదు, వంగిన లింబ్‌లలోనే ఉంది.

మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ ఆడేది ఈ విల్లుతోనే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. లక్ష్యం 50 మీటర్ల దూరంలో, పది పాయింట్ల వలయం 8 సెం.మీ. వెడల్పు. అక్కడ చెయ్యి నిలకడగా ఉండటం ఎంత విలువైనదో ఊహించండి.

ఇక విల్లు సెట్టింగ్. లాగే బరువు మార్చాలంటే పైనా కిందా లింబ్ బోల్టులను సమానంగా తిప్పాలి. లాగే పొడవు మార్చాలంటే చాలా విళ్లలో క్యామ్ మీద బిగించిన చిన్న ముక్కను (మాడ్యూల్) జరపాలి, లేదా మార్చాలి. అసలు నేర్పు అంతా టైమింగ్‌లో ఉంది. రెండు క్యామ్‌ల విల్లులో రెండూ ఒకేసారి ఆగాలి. ఒకటి ముందు ఆగి రెండోది ఇంకా తిరుగుతుంటే, లాగిన చివర మెత్తగా, గుంజినట్టు అనిపిస్తుంది, బాణాలు పైకీ కిందికీ చెదురుతాయి. ఒకరు నెమ్మదిగా లాగుతుంటే పక్కనున్నవాళ్లు క్యామ్‌లను ఆపే రెండు స్టాపులనూ గమనించాలి. తేడా కనిపిస్తే విల్లును బౌ ప్రెస్‌లో, అంటే లింబ్‌లను వంచి పట్టే యంత్రంలో, పెట్టి, కేబుల్ బిగువు పోయాక, అర మెలిక వేయాలి లేదా విప్పాలి. మెలిక వేస్తే కేబుల్ పొట్టిదవుతుంది, క్యామ్ నిలిచే చోటు మారుతుంది. ప్రెస్ లేకుండా కేబుల్ విప్పే ప్రయత్నం ఎప్పుడూ చేయకండి. బాణం లేకుండా నారిని వదలకండి, క్యామ్ వంగుతుంది, లింబ్ పగలవచ్చు.

(తెరపై: క్యామ్ మీద సన్నటి గీతలు, దగ్గరగా)

సెట్టింగ్ కుదిరాక, కేబుల్ క్యామ్‌ను దాటే చోట మార్కర్‌తో ఒక గీత గీయండి. కొత్త కేబుళ్లు కొన్ని వందల బాణాల తర్వాత కాస్త సాగుతాయి. అప్పుడు ఆ గీత పక్కకు జరిగి కనిపిస్తుంది.