చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోతే
(హనుమకొండలో తల్లిదండ్రులు, అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్ల సమావేశంలో ఒక మానసిక వైద్యురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. పరీక్షలు దగ్గరపడ్డ సమయంలో పనులు పక్కన పెట్టి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను: ఆపుకోలేక వెంట్రుకలు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం, గోళ్లు కొరుక్కోవడం.

మీ అమ్మాయి ఈమధ్య తలకు నూనె పెట్టించుకోవడం మానేసిందా? జడ నేనే వేసుకుంటానని గది తలుపు వేసుకుంటోందా? బతుకమ్మ ఆడటానికి రమ్మంటే ఏదో ఒక సాకు చెబుతోందా? మీ అబ్బాయి మే నెల ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వదలడం లేదా? చాలాసార్లు అది వయసు తెచ్చే బిడియమే. కానీ కొందరిలో ఆ జడ చాటున రూపాయి బిళ్లంత ఖాళీ ఉంటుంది. ఆ చొక్కా కింద గిల్లి గిల్లి చేసుకున్న పుండ్లు ఉంటాయి.

ఆ ఖాళీని చూడగానే ఇంట్లోవాళ్లు 'పేనుకొరుకుడు' అంటారు. ఉల్లిపాయ రుద్దుతారు, వెల్లుల్లి రుద్దుతారు, చర్మం మండుతుంది. పేనుకొరుకుడులో మచ్చ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. వెంట్రుకలు పీక్కున్న చోట అంచులు వంకరటింకరగా ఉంటాయి, పొట్టివి, పొడుగువి, తెగినవి రకరకాల వెంట్రుకలు కనిపిస్తాయి. చర్మవ్యాధుల డాక్టర్ చూస్తే చాలావరకు తేడా తెలిసిపోతుంది. ఇలా వెంట్రుకలు పీక్కునే బాధకు 1889లోనే ఫ్రెంచి చర్మవైద్యుడు హాలొపో ట్రైకోటిల్లోమేనియా అని పేరు పెట్టాడు. చర్మం గిల్లుకోవడాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగ నిర్ధారణ గ్రంథంలో విడి రుగ్మతగా చేర్చింది. వెంట్రుకలు పీక్కునే బాధ వందలో ఒకరిద్దరికి ఉంటుందని అంచనా. అంటే వెయ్యి మంది చదివే కాలేజీలో పది, ఇరవై మంది. వాళ్లలో ప్రతి ఒక్కరూ తామొక్కరమే ఇలా ఉన్నామనుకుంటారు.

ఎక్కువగా పది, పదమూడేళ్ల మధ్య మొదలవుతుంది. ఐదేళ్లలోపు పిల్లలు పీక్కుంటే చాలామందిలో దానంతటదే పోతుంది. గోళ్లు కొరకడం చాలా ఇళ్లలో ఉన్నదే, అందరికీ వైద్యం అక్కర్లేదు. రక్తం కారేదాకా కొరుకుతున్నా, మాటిమాటికీ గోరుచుట్టు వస్తున్నా, నలుగురిలో చేతులు దాచుకుంటున్నా పట్టించుకోవాలి.

"టెన్షన్ తీసుకోకు, అదే పోతుంది" అని పిల్లలకు చెబుతుంటాం. అందులో సగమే నిజం. టెన్షన్‌లో పీక్కునేవాళ్లు ఉన్నారు. టీవీ చూస్తూ, చదువుకుంటూ, నిద్ర పట్టక పడుకుని, ఏమీ తోచక పీక్కునేవాళ్లూ ఉన్నారు. ఒక్కోసారి చెయ్యి వెళ్లిన సంగతే తెలియదు, పుస్తకం మీద రాలిన వెంట్రుకలు చూశాకే తెలుస్తుంది. ఇంకోసారి తెలిసే జరుగుతుంది: వేళ్లు గరుకు వెంట్రుక కోసం వెతుకుతాయి, అది ఊడి వచ్చేదాకా మనసు నిలవదు, వచ్చాక కాసేపు హాయి. ఆ వెంటనే సిగ్గు, ఏడుపు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండవచ్చు. తనను తాను హింసించుకోవాలని చేసే పని కాదిది. దయచేసి ఈ అలవాటునూ, తనను తాను గాయపరచుకోవడాన్నీ కలపకండి.

నా దగ్గరికి వచ్చే తల్లులు తరచూ అనే మాట, "ఎన్నిసార్లు చెప్పినా ఇంటలేదు మేడం." వినకపోవడం కాదమ్మా. చెయ్యి పైకి పోయిన సంగతి తెలియని పిల్లకు మానుకో అని చెబితే ఏం మానుకుంటుంది? తిడితే దాచుకుని పీక్కుంటుంది. కొందరు గుండు చేయిస్తే తగ్గుతుందని వేములవాడకో, కొండగట్టుకో తీసుకెళ్తారు. మొక్కు మీ ఇష్టం, దానికి నేను అడ్డు చెప్పను. కానీ వైద్యంగానో శిక్షగానో గుండు చేయించకండి. జుట్టు మళ్లీ వచ్చాక చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది, ఈలోగా కనుబొమల మీద పడవచ్చు కూడా.

మరి ఏం చేయాలి? 1973లో ఎజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఒక పద్ధతి రూపొందించారు. అలవాటును మళ్లించే శిక్షణ అనుకోండి. ఈ సమస్యలకు ముందుగా ప్రయత్నించాల్సిన చికిత్స ఇప్పటికీ అదే.

మొదట గమనించడం. ఎప్పుడు, ఎక్కడ, ఏ చెయ్యి, అప్పుడు ఏం చేస్తున్నావు అని ఒక నోట్‌బుక్‌లో రాయిస్తాం. కొన్నాళ్లకు ఆ పిల్లే చెబుతుంది: "మేడం, మోచెయ్యి టేబుల్ మీద ఆనించి చదివేటప్పుడే ఎడమ చెయ్యి పోతుంది." అక్కడ చికిత్స సగం మొదలైనట్టే. తరువాత ఆ చేతికి ఇంకో పని ఇస్తాం. చెయ్యి లేవబోతుంటే పిడికిలి బిగించి, మోచేతులు ఒంటికి ఆనించి, ఒక నిమిషం పాటు అలాగే ఉండాలి. పెన్ను గట్టిగా పట్టుకున్నా సరే. క్లాసులో పక్కవాళ్లకు తెలియకుండా చేయగలిగే పని అయితే మంచిది. ఆ కోరిక పాలపొంగు లాంటిది, ఎగసి దానంతటదే దిగుతుంది. దిగేదాకా చేతిని ఆపగలిగితే చాలు.

చుట్టూ ఉన్న వాటినీ మార్చాలి. చదివేటప్పుడు తలకు స్కార్ఫ్, బొటనవేలికి బ్యాండేజీ, గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడం. అద్దం ముందు గంటలకొద్దీ మొటిమలు గిల్లేవాళ్లు ఆ లైటు తగ్గించాలి, ప్లక్కర్ చేతికి అందకుండా పెట్టాలి. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి, కానీ పనిచేస్తాయి. ఇంట్లో ఒకరు, పిల్ల ఎంచుకున్నవారే, తోడుండాలి. "మళ్లీ పెట్టినవా చెయ్యి?" అని కాదు, ముందే అనుకున్న ఒక చిన్న సైగ చాలు. చేతిని ఆపుకున్నప్పుడు మెచ్చుకోండి. కొత్త జుట్టు వచ్చిందా అని రోజూ తల వెతకకండి.

మందుల సంగతి. ఈ అలవాటునే నేరుగా మాన్పించే మాత్ర అంటూ లేదు. డిప్రెషన్, ఆందోళన తోడుగా ఉంటే వాటికి ఇచ్చే మందులు ఆ మేరకు సాయపడతాయి. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు పెద్దవాళ్లలో కొంత మేలు చేసినట్టు 2009లో ఒక పరిశోధనలో తేలింది, పిల్లల మీద జరిగిన పరిశోధనలో ఆ మేలు కనబడలేదు. అందుకే మెడికల్ షాపులో అడిగి కొనుక్కోకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. పీకిన వెంట్రుకలను కొందరు నోట్లో పెట్టుకుంటారు, మింగుతారు. జుట్టు అరగదు, కడుపులో ఉండ కడుతుంది. కడుపునొప్పి, వాంతులు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం ఉంటే స్కాన్ చేయించాలి. ఉండ పెద్దదైతే ఆపరేషనే దారి. షుగర్ ఉన్నవాళ్లు చర్మం గిల్లుకుంటే ఆ పుండ్లనూ తేలిగ్గా తీసుకోవద్దు.

వార్డెన్లకు ఒక మనవి. పరుపు మీద వెంట్రుకలు కనబడితే రూమ్‌మేట్స్ ముందు అడగకండి. ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "ఇది చాలామందికి ఉంటుంది, దీనికి వైద్యం ఉంది" అని చెప్పండి. తగ్గిన పిల్లల్లో పరీక్షలప్పుడు మళ్లీ మొదలుకావచ్చు. అప్పుడు నోట్‌బుక్ మళ్లీ తీయాలి, అంతే. చికిత్స పాడైపోయినట్టు కాదు.

వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగడం ఇబ్బందైతే పేరు రాయకుండా చీటీ మీద రాసివ్వండి, చదివి జవాబు చెబుతాను.