తగువు కీబోర్డుతో కాదు

అందరికీ వందనాలు. చర్చిలో పాత కీర్తనలే పాటలు, ఈ కీబోర్డు గోల పాటలా అని పెద్దలు. ఆ రాగాలకు నిద్రొస్తోందని కుర్రాళ్ళు. శ్రీకాకుళం నుంచి బొబ్బిలి దాకా ఇదే తగువు. వయసు తేడాలే అని సరిపెట్టేస్తారు చూడండి, నాకు ఒళ్ళు మండేది అక్కడే. అసలు తగువు సంఘమంటే, అంటే చర్చి అంటే, ఎవరు అన్నదాని మీద.

హరికథ గురించి విజయనగరం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, నారాయణదాసు గారి ఊరు. దాసుగారు ఒక్కరే పాడతారు, ఆడతారు, మనం వింటాం. మన పల్లెల్లో గుంపుగా ఆడి పాడే తప్పెటగుళ్ళు అలా కాదు. ప్రతివాడి గుండె మీదా ఒక తప్పెట ఉంటుంది. ఒకరు అందిస్తే అందరూ అందుకుంటారు.

నాలుగో శతాబ్దంలో లవొదికయ ఊళ్ళో కూడిన చర్చి పెద్దల సభ, నియమించిన గాయకులు తప్ప చర్చిలో ఇంకెవరూ పాడకూడదంది. అంటే హరికథే. తర్వాత పదహారో శతాబ్దంలో జర్మనీ సంస్కర్త లూథరు వచ్చి విశ్వాసులందరూ యాజకులే అన్నాడు. యాజకుడన్నాక నోరు మూసుకుని కూర్చుంటాడా? 1524లో జర్మన్ పాటల పుస్తకాలు అచ్చయ్యాయి, అందరికీ తప్పెట దొరికింది. ఇంకో సంస్కర్త కాల్విన్ కూడా అందర్నీ పాడమన్నాడు, కానీ వాద్యాలు వద్దన్నాడు. తప్పెట చేతికిచ్చి మోగించకు అన్నట్టు! నాకైతే కొంచెం అన్యాయమే అనిపిస్తుంది.

మన జిల్లాలకు కెనడియన్ బాప్టిస్టు మిషన్ వచ్చింది. వాళ్ళ లెక్కలో సంఘమంటే నమ్మి, నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. వాళ్ళంతా పాడాలి, అక్షరం రానివాళ్ళతో సహా. అక్కడ అక్కరకొచ్చినవి పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్ళ కీర్తనలు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. పల్లవి, చరణాలు, మన కట్టే. చరణం నోటికి రాకపోయినా, పల్లవి తిరిగొచ్చేసరికి చాప మీద కూర్చున్న మామ్మ కూడా చప్పట్లు కొడుతూ అందుకుంటుంది.

ఇప్పుడు మైకులో నలుగురు పాడుతుంటే ఆ మామ్మ గొంతు పక్కవాళ్ళకైనా వినపడుతోందా? వినపడకపోతే కీర్తన పాతదైనా, డ్రమ్స్ కొత్తవైనా మనం హరికథకు వచ్చేసినట్టే. హరికథంటే నాకు ప్రాణమే, ఆదివారం ఆరాధనలో మాత్రం వద్దు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. కతోలికులకు 1963లో రెండో వాటికన్ సభ ఆరాధనలో మాతృభాషకు దారి తెరిచింది, ప్రజలు కలిసి పాడాలంది. సువార్తికుడు బక్త్ సింగ్ గారి సహవాసాల్లో యేసు జ్ఞాపకంగా రొట్టె విరిచేటప్పుడు ఒక సహోదరుడు లేచి పాట నంబరు చెప్తాడు, అందరూ ఎత్తుకుంటారు. పెంతెకొస్తు సంఘాల వాళ్ళకు పరిశుద్ధాత్మ ఇప్పుడే, ఇక్కడే పనిచేస్తాడు. పాట ఎక్కడ ఆపాలో పుస్తకం ఎలా చెప్తుంది? అందుకే ఒకే లైను పదిసార్లు. దయచేసి ఎగతాళి చెయ్యకండి. గ్రీకు, రష్యా వైపు ఆర్తడాక్సు చర్చిల వాళ్ళు చాలావరకు వాద్యాలు ఎందుకు ముట్టరో వచ్చే వీడియోలో చూద్దాం.