పుస్తకం లేకుండా కాలనీ నాటకం కట్టడం ఎలా?

నమస్కారం. మీ ఊళ్లోనో కాలనీలోనో 20 నిమిషాల నాటకం వేద్దామనుకుంటున్నారా? అయితే ముందు ఆ అచ్చు పుస్తకం పక్కన పెట్టండి. అందులో నాలుగు మగ పాత్రలు, ఒక ఆడ పాత్ర ఉంటే అయిదుగురికే వేషాలు. మిగతావాళ్లంతా కుర్చీలు సర్దాలి. మనం వచ్చినవాళ్లను బట్టి నాటకం కడదాం. తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారి వంటి మగవాళ్లే ఆడవేషాలకు పేరుపడ్డ రోజుల్లో, 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం తమ ఇంటి ఆడవాళ్లకే ఆ వేషాలిచ్చింది. ఉన్న మనుషులే వాళ్ల బలం.

ముందు రిహార్సల్ వేళ చూడండి. సాయంత్రం ఆరింటికి పెడితే వంట చేసేవాళ్లు రారు, ఇళ్లలో పనిచేసేవాళ్లు అసలే రారు. వేళ వాళ్లనే అడగండి. పిల్లల్ని వెంట తెచ్చుకోమనండి. సగం మంది దూరమయ్యేది నటన రాక కాదు, ఈ గడియారం వల్లే.

మొదటి రోజు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: ఈ మధ్య మన వీధిలో దేనికి గొడవైంది? నీళ్లా, పార్కింగా, వినాయక చవితి చందాలా? ఒకటి ఎంచుకుని, పాత్రలు తారుమారు చేసి ఆడించండి. కాలనీ అధ్యక్షుడు వాచ్‌మన్ వేషం కట్టడానికి ఒప్పుకుంటే సగం నాటకం పండినట్టే!

ఆ మాటల్ని ఫోనులో రికార్డు చేయండి. అదే మీ స్క్రిప్టు. ఎవరి యాస వారిదే, దిద్దకండి. చదువు రానివారు రికార్డింగు విని నేర్చుకుంటారు. మాట్లాడడానికి జంకేవారికి డప్పో దీపాలో అప్పగించి, వాళ్ల పేర్లూ నటులతో పాటే చదవండి. వేదిక వద్దు. వీధినాటకంలా నేల మీదే ఆడితే చక్రాల కుర్చీలో ఉన్నవారూ సులువుగా రంగంలోకి వస్తారు.

ఇక ముగింపు రాయకండి. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970ల్లో రూపుదిద్దిన ఫోరం థియేటర్ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. గొడవ ముదిరిన చోట నాటకం ఆపి, ‘మీరైతే ఏం చేస్తారు?’ అని ప్రేక్షకులను అడగండి. లేచినవారు గొడవలో నలుగుతున్న పాత్రలోకి వచ్చి ఆడి చూపాలి. దీన్ని నడిపే మనిషిని జోకర్ అంటారు. ఆయన తప్పొప్పులు తేల్చకూడదు. ‘ఇంకెవరు వస్తారు?’ అని పిలవాలి, అంతే.